రెండో గడియ

పెద్ద స్టోరు పార్కింగులో రాత్రికి ఇంటిబండి, అదే లోపలే వండుకుని పడుకునే పెద్ద వ్యాను, ఆపుకోవాలంటే ముందు లోపలికి వెళ్లి మేనేజరును అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదు. ఈ ముక్క నాకు చెప్పింది వర్లీన్ హాగెన్. అప్పటిదాకా నేను చీకటి పడ్డాక దొంగలా వచ్చి, తెల్లారకముందే దొంగలా పోయేవాణ్ణి. "యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, నోరు లేదా నీకు?" అని మొదటి పరిచయంలోనే కడిగేసింది. నాకు ఒళ్లు మండింది. మర్నాడు సాయంత్రం మాత్రం వెళ్లి అడిగాను. మేనేజరు నవ్వి, దీపం బాగా పడే చోటు తనే చూపించాడు.

వర్లీన్‌కు డెబ్భై ఒకటి. దక్షిణ డకోటాలో ముప్పైరెండేళ్లు బడిబస్సు నడిపింది. భర్త పోయాక ఇల్లు అమ్మి ఇంటిబండి కొనుక్కుంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆ గొంతుకు బస్సులో నలభై మంది పిల్లలు నోళ్లు మూసుకునేవాళ్లట, తర్వాత పార్కింగుల్లో మేం మూసుకునేవాళ్లం. ఆవిడ ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటోంది. నేను ఫోను చేస్తే ఎత్తదు. ఎందుకెత్తదో చెప్పడానికే ఇదంతా.

మాకు శరదృతువులో చక్కెరదుంపల పని, క్రిస్మస్ ముందు గిడ్డంగుల్లో పెట్టెలు కట్టే పని. జనవరిలో ఎండలు వెతుక్కుంటూ దక్షిణానికి దిగుతాం, ఒక స్టోరు పార్కింగు నుంచి ఇంకో స్టోరు పార్కింగుకు. మొత్తం నాలుగు బండ్లు. క్లీట్, ఆర్డిత్ అనే దంపతులదొకటి, రూబెన్ సాల్సిడోదొకటి, నాదొకటి, వర్లీన్‌దొకటి. నా పేరు డ్వైట్ ఆస్ట్‌బీ, వెల్డింగు చేసేవాణ్ణి.

వర్లీన్ పద్ధతులు మాకు కంఠతా వచ్చు. కుర్చీలు బయట వేయకూడదు, పందిరిగుడ్డ లాగకూడదు, అది ఇంటి పెరడు కాదు. స్టోరులో ఒక్క రొట్టయినా కొనాలి. బండి ముక్కు బయటి దారి వైపే ఉండాలి. స్టీరింగు ముందు సీటులో ఏ సామానూ పెట్టకూడదు. తాళంచెవి ఎప్పుడూ స్టీరింగు పక్కన బండికే ఉండాలి. తలుపు మూస్తే దానంతటదే తాళం పడేలా ఉండాలి. చీకటి పడ్డాక ఎవరైనా తలుపు తడితే తెరవకూడదు, బదులు పలకకూడదు, కిందికి దిగకుండానే సీటులో కూర్చుని బండి తోలుకుపోవడమే.

"పోలీసులైతే?" అని అడిగాను ఒకసారి.

"పోలీసులైతే వెనకాల ఎర్రదీపం పెట్టుకుని వస్తార్లే. అప్పుడు ఆగు."

ఆ చలికాలం మా రహదారి మీద మంచిగా లేదు. రెండు చోట్ల ఇంటిబండ్ల తలుపులు తట్టి దోచుకున్నారు. రెండోసారి దొంగలు ఓ ముసలావిణ్ణి పట్టుకుని, పక్క బండి తలుపు దగ్గర నిలబెట్టి, ఆమె చేతే పిలిపించారు. తెలిసిన గొంతు కదా అని ఆ బండాయన తెరిచాడు. తుంటి విరగ్గొట్టారు. బూడిదరంగు పికప్పు, నంబరు పలక లేదు అని చెప్పుకున్నారు. అది విన్నాక నేను నా బండి తలుపుకు లోపలివైపు ఇంకో గడియ వేసుకున్నాను, ఇనుపది, చెయ్యంత లావుది.

ఆ మధ్యాహ్నం మేం ఆగిన ఊళ్లో స్టోరు నాలుగింటికే మూసేశారు, మంచు తుఫాను వస్తోందని. మేనేజరుగా ఉన్న అమ్మాయి మెడకు కండువా చుట్టుకుంటూ వచ్చి, "మీరు ఉండండి, కానీ లోపల ఎవరూ ఉండరు, తలుపులకు తాళాలు వేసేస్తున్నాం" అని చెప్పి తన కారెక్కి వెళ్లిపోయింది. ఖాళీ అయిన పార్కింగు చూస్తే నాకేమీ బాగా అనిపించలేదు. అంతలో బూడిదరంగు పికప్పు ఒకటి లోపలికి వచ్చింది. మా చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి, మళ్లీ ఇంకో చుట్టు తిరిగి, వెళ్లిపోయింది. వెనకాల మంచు కప్పేసి ఉంది, నంబరు ఉందో లేదో కనిపించలేదు.

వర్లీన్ ప్రతి బండి దగ్గరికీ వచ్చి జాగ్రత్త చెప్పింది. నా దగ్గరికి చివర వచ్చింది.

"చూశావా దాన్ని?"

"చూశాలే అమ్మా. అన్ని బూడిదరంగు బండ్లూ దొంగలవే అయితే ఈ రాష్ట్రంలో సగం మంది జైల్లో ఉండాలి."

"వెటకారాలు తర్వాత. ఎవరు తట్టినా తియ్యకు. పేరు పెట్టి పిలిచినా తియ్యకు. గొంతు నాదే అయినా తియ్యకు. విన్నావా?"

"నీ గొంతైతే నరకంలో ఉన్నా గుర్తుపడతా."

"గుర్తుపట్టు. తియ్యకు మాత్రం."

అయిదున్నరకే చిమ్మచీకటి అయిపోయింది. గాలి బండిని పట్టుకుని ఊపుతోంది. చలికి కిటికీలన్నిటికీ లోపలి నుంచి దుప్పట్లు మేకులతో కొట్టి ఉన్నాయి, బయట ఏం జరుగుతోందో చెవులతో వినాల్సిందే. ఆరు దాటాక క్లీట్ ఇంజను లేచింది. ఈ తుఫానులో ఎక్కడికి పోతున్నాడు వీడు అనుకున్నాను. బండి కదిలి వెళ్లిపోయిన చప్పుడు. కొంతసేపటికి రూబెన్ ఇంజను. అదీ వెళ్లిపోయింది. అప్పుడర్థమైంది నాకు, ఎవరో వరసగా తలుపులు తడుతున్నారని. తర్వాతిది నాదే.

తట్టారు. అరచేత్తో, మూడుసార్లు. నేను కదల్లేదు. మళ్లీ తట్టారు.

"డ్వైట్!" అని వినిపించింది. "డ్వైట్, నేనే, వర్లీన్‌ని! తలుపు తియ్యి నాయనా!"

వర్లీనే. గాలిలో చిరిగిపోయినా ఆ గొంతు వర్లీన్‌దే. నాయనా అని ఆవిడ నన్ను అంతకు ముందెప్పుడూ అనలేదు. పట్టుకున్నారు, ముసలావిణ్ణి పట్టుకున్నట్టే పట్టుకున్నారు అనుకున్నాను. మొదటి తాళం పడే ఉంది. రెండో గడియను రెండు చేతులతో లాగి వేశాను. వెళ్లి సీటులో కూర్చుని, ముందు తెర పక్కకు లాగి, బండి తీశాను. పక్క అద్దంలో వెనకదీపం ఎర్రటి వెలుగులో చెయ్యెత్తిన పొట్టి ఆకారం, దాని పక్కన వంగిన మరో నీడ. ఆవిణ్ణి గట్టిగా పట్టుకుని ఉన్నట్టే కనిపించింది. అవతల ఆవిడ బండిలో దీపం వెలుగుతూనే ఉంది.

రోడ్డెక్కగానే షెరీఫ్ ఆఫీసుకు ఫోను చేశాను. ఒక మగవాడు, చేతిలో ఆయుధం ఉండొచ్చు, ఒక ముసలావిణ్ణి పట్టుకున్నాడు అని చెప్పాను. పద్దెనిమిది మైళ్ల అవతల పెట్రోలు బంకులో క్లీట్ వాళ్లూ రూబెనూ కనిపించారు.

"ముందు మా తలుపే తట్టాడు వెధవ," అంది ఆర్డిత్, వణుకుతూ. "వర్లీన్ ఏది? ఆవిడ మనందరికంటే ముందే వచ్చేయాలే?"

అద్దంలో చూసింది చెప్పాను. గొంతు సంగతి చెప్పలేదు.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ పికప్పు మళ్లీ రానేలేదు, దొంగా లేడు. ఆవిడ బండిలో విషవాయువు అలారం మోగిందట. హీటరు పొగగొట్టం నోటికి మంచు పూడుకుపోయింది. ఇంటి చెప్పులతో, చేత్తో ఆ మంచు తీయడానికి కిందికి దిగింది. గాలి తలుపును విసిరి కొట్టింది. మూస్తే దానంతటదే తాళం పడే తలుపు. తాళంచెవి బండికే ఉంది, ఫోను బల్లమీద ఉంది, కిటికీలు తల ఎత్తుకు పైన ఉన్నాయి. గాలికి నిలబడలేక స్టోరు ట్రాలీ ఒకటి పట్టుకుని తోసుకుంటూ మా దగ్గరికి వచ్చింది. నేను చూసిన వంగిన మనిషి ఆ ట్రాలీ.

మేం వెళ్లిపోయాక ట్రాలీలు పెట్టే రేకుల కొట్టంలో దూరి, అట్టపెట్టెలు కప్పుకుని కూర్చుంది. షెరీఫ్ పంపిన డెప్యూటీ పోలీసు త్వరగానే వచ్చాడు. కానీ ఆయుధమున్న మనిషి అని నేను చెప్పాను కదా, దూరంగా దీపాలార్పి, రెండో కారు వచ్చేదాకా ఆగాడు. ఇరవై అయిదు నిమిషాలు. అతని తప్పేమీ లేదు. ఆ ఇరవై అయిదు నిమిషాలూ నావి.

తను తీసిన గోతిలో తనే పడింది అన్నాడు రూబెన్, ఆసుపత్రి వరండాలో. బాధతోనే అన్నాడు. అయినా వాడి కాలరు పట్టుకున్నాను.

మంచుకు చచ్చుబడిన వర్లీన్ కుడిచేతి వేళ్లు నాలుగు తీసేయాల్సొచ్చింది. మేం లోపలికి వెళ్లేసరికి ఆ చేతికి తెల్లటి కట్టు కట్టి దిండుమీద పెట్టి ఉంది. ఆర్డిత్ ఏడుస్తూ, "తట్టింది నువ్వని తెలియలేదు వర్లీన్, టీవీ మోగుతోంది, ఏమీ వినపడలేదు" అంది. అది నిజం. రూబెనూ అదే అన్నాడు. అదీ నిజం. అందరూ నా వైపు చూశారు.

"గాలి హోరు," అన్నాను. "నాకూ ఏమీ వినపడలేదమ్మా. అద్దంలో నీడలే చూశా."

వర్లీన్ మిగతావాళ్లను పంపేసింది, కాఫీ తెచ్చుకోమని. వాళ్లు వెళ్లేదాకా ఆగింది.

"పేరు పెట్టి పిలిచాను నిన్ను. పిలిచాకే ఆ రెండో గడియ పడింది. ఆ చప్పుడు నాకు వినపడింది డ్వైట్."

నేను చేతుల్లో ముఖం దాచుకున్నాను.

"ఏడవకు. చెప్పింది చెప్పినట్టు చేశావు. నా బస్సులో ఒక్క పిల్లాడూ ఇంత బుద్ధిగా వినలేదు." కట్టు కట్టిన చెయ్యి దిండుమీద కాస్త జరుపుకుంది. "ఒక్కటి చెప్పు. నా మెడమీద కత్తి ఉందనుకునే వేశావా?"

అబద్ధం ఇంకొకటి చేతిలో సిద్ధంగా ఉంది. సిగ్గేసింది.

"అవును," అన్నాను.

ఆవిడ తల ఊపింది, పాఠం సరిగ్గా అప్పజెప్పిన పిల్లాడికి ఊపినట్టు. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకుంది. చాలాసేపు నిలబడ్డాను, తిరగలేదు. నేను బయటికి వచ్చి, అలవాటు కొద్దీ తలుపు దగ్గరికి వేస్తుంటే, లోపల నర్సుతో అంటోంది:

"మూయనివ్వకమ్మా. తెరిచే ఉంచు."