రెండు జేబుల తమ్ముడు

మా తమ్ముడు దర్జీ. వాడి మొదటి గెలుపు యాభై రెండు డ్రైవర్ చొక్కాలు. బస్సు డిపోవాళ్ళు ఒక్క జేబు చాలన్నారు. వీడు రెండు కుట్టాడు, పైన మూతలతో సహా. పదకొండు రోజులు డిపో గుమ్మంలో కూర్చుని వాదించి మరీ ఒప్పించాడు. ఐదో తరగతి దాటని మా ఇంట్లో ఒక ఆఫీసును ఓడించిన మొనగాడు వాడొక్కడే.

అప్పటినుంచి మగవాడి చొక్కా అంటే రెండు పెద్ద జేబులు. పెళ్ళికొడుకు బతిమాలినా రెండే, బ్యాంకు మేనేజరు అలిగినా రెండే. నేను బనీను చిరిగిందని కుట్టమని ఇస్తే దానికీ రెండు తగిలించి పంపాడు. ఎందుకురా అంటే, ఒకటి నీకూ ఒకటి వదినకూ అనేవాడు.

మా అబ్బాయికి ఇరవై మూడేళ్ళు. ఫైరు స్టేషన్ ఉద్యోగానికి పరుగులో మొదటివాడిగా వచ్చి, చొక్కా విప్పాల్సిన వైద్యపరీక్షకు ముఖం చాటేశాడు. రొమ్ములు పెరిగాయని సిగ్గు. ఎంత కసరత్తు చేసినా తగ్గలేదు. ఆర్నెల్లలో ఇంకొక్క అవకాశం, అదే ఆఖరు. సంగతి తెలియక నేను తిట్టిపోశాను. తమ్ముడు మాత్రం వాణ్ణి కొట్టు లోపలికి తీసుకెళ్ళి, తన చొక్కా విప్పి చూపించాడట.

"నలభై ఏళ్ళు జేబుల వెనక దాక్కున్నానురా. నువ్వు దాక్కోకు."

ఇద్దరూ పెద్దాసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ ముందు రక్తపరీక్షలు చేయించి, తర్వాత ఆపరేషన్ మార్గాలు చెప్పింది. మా తమ్ముడు ప్రతిదాన్నీ తన దర్జీ భాషలోకి మార్చుకున్నాడు. కొవ్వైతే చిన్న రంధ్రంలోంచి గొట్టంతో లాగేస్తారు: దిండులో దూది తీసినట్టు. గట్టి గ్రంథి ఉంటే చనుమొన చుట్టూ ఉన్న నల్లటి అంచున కోసి తీస్తారు: కుట్టు కనబడకుండా లోపలి అస్తరుగుడ్డ విప్పినట్టు. చర్మం వేలాడితే మిగులు కత్తిరించి కుడతారు: వదులు చొక్కా బిగించి కుట్టినట్టు. మచ్చ కొంచెం పెద్దదవుతుంది.

అబ్బాయికి మొదటి రెండూ చాలు, తమ్ముడికి మూడూ కావాలి అంది డాక్టరమ్మ.

"అయితే ముందు నాకే చెయ్యండమ్మా. ట్రయల్ చూస్తే వాడికి ధైర్యమొస్తుంది."

ఇద్దరికీ క్షేమంగా అయిపోయింది. నిన్న ఫోన్‌లో అడిగాను, ఇకనుంచి ఒక్క జేబేనా అని.

"రెండే అన్నయ్యా. ఎవడికి అవసరమో అడిగి కుట్టలేం కదా."

అప్పుడు బీరువా తీసి చూసుకున్నాను. నావన్నీ రెండు జేబులే. వీధిలో అందరివీ అంతే. అందుకే ఇన్నేళ్ళూ ఎవరి జేబు వెనక ఏముందో ఎవరికీ తెలియలేదు.

ఆపరేషన్ తర్వాత వేసుకోమన్న బిగుతు బనీన్లతో బాబాయీ అబ్బాయీ ఇంటికి దిగేది పద్దెనిమిదో తేదీ, శుక్రవారం.