అడ్డం ముందా, నిలువు ముందా

నీళ్ల సరఫరా ఆఫీసులో ఆమెకు ఒక పేరు ఉండేది కానీ ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. ట్రేసర్ ఉద్యోగం గనక అందరికీ ట్రేసరమ్మ. నేల కింద పైపులు ఎటు పోతున్నాయో, ఏ మలుపులో వాల్వు తిప్పితే ఏ వీధికి నీళ్లు ఆగుతాయో చెప్పే పటాలన్నీ ఆమె గీసినవే. అద్దం పలక బిగించిన పెద్ద బల్ల, దాని కింద ట్యూబ్‌లైటు. పాత పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచి స్విచ్ నొక్కితే కింది గీతలు నిద్రలోంచి లేచినట్టు పైకి తేలేవి. వాటి వెంట కలం నడిపేది. తప్పు పడితే బ్లేడుతో సిరా గీకేది. గీకిన చోట కాగితం కొంచెం పలచబడి, తప్పు జరిగిన సంగతిని గుర్తుపెట్టుకునేది.

ఒక సోమవారం ఇంజనీరు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. వయసులో చాలా చిన్నవాడు. ఆమెను "అమ్మా" అంటాడు, చెప్పడానికి ఇబ్బందయ్యే విషయమైతే మరీ మెత్తగా అంటాడు.

"అమ్మా, ఈ గది తీసేస్తున్నారు. పటాలన్నీ ఇక వెబ్‌లోనేనట."

"మరి నేను?"

"సర్వేవాళ్లు ఏ వాల్వు ఎక్కడుందో అంకెల్లో రాసి ఫైల్లో ఇచ్చారు. వాటిని వెబ్ మ్యాప్ మీద పెట్టి చూపించగలిగితే మీరు మ్యాపుల సెక్షన్లోనే ఉంటారు. పెద్దసారుతో నేనే మాట్లాడాను. అలా కాకపోతే..." అని ఆగాడు. "ఫిర్యాదుల కౌంటర్లో స్టాంపు వేసే మనిషి కావాలంటున్నారు."

ఆమె తన కుడిచేతిని చూసుకుంది. వెంట్రుకంత సన్నని గీత గీసే చెయ్యి. అది రోజంతా స్టాంపుతో కాగితాల్ని బాదుతున్నట్టు ఊహించుకుని, దాన్ని కొంగు కిందికి లాక్కుంది.

నెలాఖరు దాకా గడువు. వెబ్ మ్యాపులకు కోడ్ రాయడం నేర్పే ఒక ఆన్‌లైన్ కోర్సు ఇంజనీరే చూపించాడు. పొద్దున వంటింటి గట్టు మీద పాత ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేది. పాఠం చెప్పే ఆయన ముఖం కనపడదు, గొంతు మాత్రం వస్తుంది. ప్రతి మాట చివరా "సింపుల్" అంటాడు. బ్రాకెట్ తెరవండి, సింపుల్. కామా పెట్టండి, సింపుల్. పక్కన బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు ఆయనకు "సింపులాయన" అని పేరు పెట్టేసింది.

"ఏమే కోడలా, అంత సింపుల్ అయితే నీ మొహం అలా అయిందేం?"

"ఆయనకు సింపుల్ అత్తయ్యా. నాకు కాదు."

మొదటివారం తెర మీద బూడిదరంగు తప్ప ఏమీ రాలేదు. ఒక కామా తప్పిపోయిందని వారం చివరికి తెలిసింది. బ్లేడుతో గీకనక్కర్లేదు, దిద్దితే ఆనవాలే ఉండదు. అంత సులువుగా పోయే తప్పు మళ్లీ అంత సులువుగానే వస్తుందేమోనని ఆమెకు భయం. "లేయర్" అన్న మాట విన్నప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఒకదాని మీద ఒకటి పరిచిన ట్రేసింగ్ కాగితాలే కదా! ఆ రోజు రోడ్లు వచ్చాయి, ఇళ్లు వచ్చాయి, తెరంతా ఊరు పరుచుకుంది. వాల్వుల ఫైలు కూడా తగిలించి బటన్ నొక్కింది.

ఊళ్లో ఒక్క వాల్వూ లేదు.

వెతికింది. పటాన్ని చిన్నది చేస్తూ పోయింది. ఊరు చుక్కయింది, చుక్క మాయమైంది. ఎక్కడో పైన, పేరు చదవడం కూడా రాని సముద్రం నడుమ, ఎర్ర చుక్కలు గుంపుగా తేలుతున్నాయి.

"ఏమండీ, ఇలా రండి."

భర్త లిఫ్టుల మెకానిక్. చేతికి గ్రీజుతోనే వచ్చి వంగి చూశాడు.

"నీళ్ల ఆఫీసు వాల్వులు నీళ్లలోకే పోయాయి. ఇంకేం కావాలోయ్ నీకు?"

"నవ్వకండి. నన్ను స్టాంపుల కౌంటర్లో కూర్చోబెడతారు."

ఆయన నవ్వు ఆపేశాడు.

సింపులాయన పాఠం మళ్లీ విన్నది. ఒక్కో చోటుకి రెండు అంకెలు, అక్షాంశం, రేఖాంశం. ఫైల్లో రేఖాంశం ముందుంటుందట, కోడ్‌కి అక్షాంశం ముందివ్వాలట. చిన్నప్పటి నుంచీ నోరు "అక్షాంశ రేఖాంశాలు" అని ఒకే ఊపున పలికిందే తప్ప ఏది ఏదో బుద్ధి ఎన్నడూ అడగలేదు. సింపులాయన మాత్రం అక్షాంశాన్ని లాట్, రేఖాంశాన్ని లాంగ్ అంటాడు. లాంగ్ అంటే పొడుగు, పొడుగంటే నిలువు. మరి ఆ అంకె అడ్డం దూరం చెబుతుందట! అక్షాంశం అడ్డగీత, దాని అంకె నిలువు ఎత్తు చెబుతుందట! గీత ఒకటి, మాట ఇంకొకటి. ఆమెకు తల తిరిగింది. అన్నం వడ్డిస్తూ కూడా గిన్నె అడ్డంగా పెట్టానా నిలువుగా పెట్టానా అని ఆగిపోయేది.

కోడ్ జోలికి పోవడానికి భయమేసి ఫైల్లోనే చేత్తో అంకెలు అటుది ఇటు, ఇటుది అటు మార్చడం మొదలెట్టింది. బజారు వైపు వాల్వులన్నీ మార్చేసరికి కళ్లు మండాయి.

ఆదివారం మధ్యాహ్నం గొణుక్కుంటోంది. "అడ్డగీత ఎత్తు ఎలా చెబుతుంది? అడ్డంగా వాదించినట్టుంది."

భర్త చెప్పులు వేసుకోబోతూ ఆగాడు. "నాలుగో అంతస్తు ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుంది, అంతస్తులా ఉంటుంది."

"అడ్డంగా పరుచుకుని ఉంటుంది. నాలుగు అన్న అంకె మాత్రం ఎత్తు చెబుతుంది. నేను రోజూ ఎక్కి దిగేది అదేనోయ్."

ఆమె గరిటె పక్కన పెట్టేసింది. ప్రపంచమంతా ఒక పెద్ద భవనంలా కనిపించింది, ఒకదాని మీద ఒకటి వెలుగుతున్న అంతస్తులు, వాటిని గుచ్చుకుంటూ పైకి పోయే లిఫ్టు గుంటలు. ఫైలు ముందు ఏ గుంటో చెబుతోంది, తర్వాత ఏ అంతస్తో. కోడ్‌కి ముందు అంతస్తు కావాలి.

"అంత తెలిసినవాడివి ముందే చెప్పొచ్చుగా!" అంది అత్తగారు కొడుకుతో.

"నాకేం తెలుసమ్మా, ఇప్పుడే తెలిసింది."

కోడ్‌లో ఒకే చోట రెండు మాటల వరుస మార్చింది. నొక్కింది. వాళ్ల వీధి మలుపులో, పాల దుకాణం ఎదురుగా, ఎక్కడుండాలో అక్కడే ఎర్ర చుక్క వాలింది. పక్క వీధిలో ఇంకొకటి. ఇంటి చుట్టూ అన్నీ చూసుకుని, మురిసిపోయి, మూత వేసేసింది.

నెలాఖరున ఇంజనీరు గదిలో మ్యాప్ తెరిచింది. అతను వేలితో జరుపుతూ "బాగుందమ్మా, బాగుంది" అంటూ బజారు వైపు వెళ్లాడు. అక్కడ రోడ్లున్నాయి. వాల్వులు లేవు.

"ఇక్కడి వాల్వులేవమ్మా?"

పటాన్ని చిన్నది చేయమని తనే చెప్పింది, ఎక్కడున్నాయో తెలిసినట్టు. ఉన్నాయి. అదే సముద్రం. బజారంతా అక్కడే తేలుతోంది.

"రెండుసార్లు తిప్పాను సార్," అంది మెల్లగా. "ఇవి ముందు ఫైల్లో చేత్తో మార్చాను. తర్వాత కోడ్‌లోనూ మార్చాను. చొక్కా తిరగేసి, మళ్లీ తిరగేసినట్టయింది."

"అసలు ఫైలుందా?"

"ఉంది. అసలు పటం మీద ఎప్పుడూ కలం పెట్టం సార్. నేను గెలికింది కాపీనే."

అసలు ఫైలు తగిలించింది. సముద్రం ఖాళీ అయింది. బజారు నిండింది.

ఇంజనీరు బజారు వాల్వుల మీదుగా వేలు జరిపాడు. "ఇప్పుడు పూర్తిగా అర్థమైందా అమ్మా?"

అవునంటే సరిపోయేది. "లేదు సార్. ఏది ముందో ఇప్పటికీ నాకు తికమకే. అందుకని ఇకమీదట ముందు మన ఆఫీసు గేటు దగ్గరున్న వాల్వు ఒక్కటే పెట్టి చూస్తాను. అది గేటు దగ్గర వాలితేనే మిగతావి. ఆ గేటుతో పాటు ఊరి నాలుగు మూలలా ఒక్కో వాల్వు కూడా చూస్తాను. నా వీధి బాగుందని ఊరంతా బాగుందనుకున్నాను."

"ఏది ముందో నేనూ ప్రతిసారీ వెతికి చూసుకుంటానమ్మా," అన్నాడతను నవ్వుతూ. "స్టాంపుకి ఇంకెవర్నయినా చూసుకోమంటాను. మీ కుర్చీ పై అంతస్తులోని మ్యాపుల సెక్షన్లో వేయిస్తున్నా."

"బల్ల కూడా సార్."

"ఇక బల్లతో పనేముందమ్మా?"

"ఉండనివ్వండి," అంది.

బల్ల తరలించే రోజు ఆఫీసు లిఫ్టు దగ్గర ఆమె భర్తే ఉన్నాడు. అద్దం విప్పి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. బల్లను అడ్డంగా తోస్తే తలుపులో పట్టలేదు. పైకెత్తి నిలువుగా నిలబెట్టారు. ఇన్నేళ్లుగా పడుకునే ఉన్న బల్ల ఒక్కసారిగా మనిషంత ఎత్తున నిలబడేసరికి ఆమెకు అది ఎవరో కొత్తవాళ్లలా అనిపించింది.

"ఎక్కవోయ్, అంతస్తు చెప్పు," అన్నాడాయన బటన్ల మీద వేలుపెట్టి.

ఆమె నోరు తెరిచి ఆగింది. ముందు చెప్పాల్సింది అంతస్తేనా, లిఫ్టు గుంటా?