బాయిలర్ మెడలో బంతిపూల దండ

బాయిలర్లు రకరకాలుగా చెడిపోతాయట. తుప్పు పట్టి కొన్ని, గొట్టాలు పగిలి కొన్ని, వయసు మీద పడి కొన్ని. మా ఇంటి కొత్త బాయిలర్ మాత్రం భక్తి ఎక్కువై చెడిపోయింది. ఆ భక్తి దానిది కాదు, నాది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, ట్రాయ్ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరికీ మా ఆవిడ స్వప్న ఇప్పటికే చెప్పేసింది. ఇక మీ ఒక్కరి దగ్గర దాచి నేను బావుకునేది ఏముంది?

బాయిలర్ అంటే స్నానానికి నీళ్ళు కాచుకునేది అనుకునేరు. అది కాదు. మేముండే మిషిగన్‌లో కొత్త ఇళ్ళన్నిటికీ వేడి గాలి ఊదే ఫర్నేసులు ఉంటాయి. మేం కొన్నది పాత ఇల్లు. బేస్‌మెంట్‌లో ఉన్న బాయిలర్ నీళ్ళు కాస్తే, ఆ నీళ్ళు గొట్టాల్లో ఇల్లంతా తిరిగి గదుల్ని వెచ్చగా ఉంచుతాయి. అది ఆగిందంటే నవంబర్‌లో మనిషికీ ఫ్రిజ్‌లో పెట్టిన వంకాయకీ పెద్ద తేడా ఉండదు.

ఇంటితోపాటు వచ్చిన పాత బాయిలర్ వయసు నా వయసు కంటే ఎక్కువ. సెప్టెంబర్‌లో ఒక రోజు అది బేస్‌మెంట్ అంతా నీళ్ళు వదిలి ఊరుకుంది. అప్పటికి మా పాప ఆద్యకి ఐదో నెల. ఏడో నెలలో అన్నప్రాసన. దీపావళి వెళ్ళిన తర్వాత వచ్చే ఆదివారానికి ముహూర్తం పెట్టించాం, ముప్పై మందిని పిలిచాం. విజయవాడ నుంచి మా అత్తగారు పాపకి పట్టులంగా కుట్టించి పంపారు. చేతుల్లేని జాకెట్టు, అరచేతి వెడల్పున జరీ అంచు.

"చూడు, ఆ రోజుకి ఇల్లు వెచ్చగా ఉండాలి," అంది స్వప్న. "పట్టులంగా మీద స్వెట్టరూ, స్వెట్టర్ మీద కోటూ వేసి దాన్ని మూటలా కూర్చోబెట్టి అన్నం తినిపించను. బాయిలర్ సంగతి నువ్వు చూస్తావా, నన్ను చూడమంటావా?"

నన్ను అడగాల్సిన ప్రశ్నేనా అది? కార్ల ఇంజన్లలోకి గాలి వెళ్ళే గొట్టాలు డిజైన్ చేయడం నా ఉద్యోగం. పదకొండేళ్ళ సర్వీసు. ఏ గొట్టంలో గాలి ఎక్కడ ఆగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నాకు ఇల్లు అప్పగించి నువ్వు నిశ్చింతగా ఉండు అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాణ్ణి పక్కకి పిలిచి రెండు అంటించాలనిపిస్తుంది. కుర్రవాడు అంటున్నాను కానీ, ఇది జరిగి రెండేళ్ళే అయింది.

బాయిలర్ ఎంచుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఎక్సెల్ షీట్‌లో పద్నాలుగు మోడళ్ళు, ఇరవై ఆరు కాలమ్స్. పచ్చ రంగు మంచిది, ఎరుపు చెడ్డది, పసుపు ఆలోచించాల్సింది. చివరికి షీట్ మొత్తం పసుపు పచ్చగా తేలింది. స్వప్న పాపని భుజాన వేసుకుని వెనక నిలబడి కాసేపు చూసి, ఇంతకీ వీటిలో మనది ఏదని అడిగింది. ఇంకా తేలలేదన్నాను. పెళ్ళిచూపుల్లో నిన్ను పది నిమిషాల్లో తేల్చేసుకున్నానే అని నిట్టూర్చి వెళ్ళిపోయింది.

ఆఖరికి తేల్చినవాడు గ్యారీ. అరవై దాటిన మనిషి, బాయిలర్లు బిగించడం ఆయన వృత్తి. ఇల్లంతా ఒకసారి తిరిగాడు, కిటికీలు లెక్కపెట్టాడు, పావుగంటలో ఒక మోడల్ పేరు చీటీ మీద రాసి ఇచ్చాడు. నా షీట్‌లో అది ఆరో స్థానంలో ఉంది. ఆయన వెళ్ళాక దాన్ని మొదటి స్థానానికి జరిపి, నేనూ ఇదే అనుకున్నానని స్వప్నకి చూపించాను.

రెండు రోజుల్లో బిగించేశాడు. పాతది బీరువా అంత ఉంటే, ఇది గోడకి తగిలించిన సూట్‌కేసంత ఉంది. దానికి రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు. రెండూ గోడలోంచి ఇంటి పక్కకి పొడుచుకొస్తాయి. ఒకటి బయటి గాలి పీల్చుకోవడానికి, ఇంకోటి లోపలి ఆవిరి వదలడానికి. గాలి పీల్చే గొట్టం మూతికి గ్యారీ చిన్న జల్లెడలాంటిది బిగించబోతుంటే నేను అడ్డం పడ్డాను. జల్లెడ పెడితే గాలి ప్రవాహం తగ్గుతుందని, ఎంత తగ్గుతుందో కాగితం మీద గీసి మరీ చూపించాను. ఆయన కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు. ఇల్లు మీది అని జల్లెడని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ దసరా వచ్చింది.

దసరాకి మా ఊరి గుడి పార్కింగ్ చూడాలి. కార్లన్నీ బొట్లు పెట్టుకుని, దండలు వేసుకుని, టైర్ల కింద నిమ్మకాయలతో బారులు తీరి ఉంటాయి. నా స్నేహితుడు శ్రీకాంత్ కొత్త కారు కొన్నాడు. వాళ్ళది కరీంనగర్. వాడి కారుకి పూజ జరుగుతుంటే పక్కన నిలబడ్డ నాకు ఏదో వెలితిగా అనిపించింది. నా కారుకి తొమ్మిదేళ్ళు, దానికి పూజ కంటే మరమ్మతు ముఖ్యం. అప్పుడు బుర్రలో మెరిసింది. నా ఇంట్లోనూ కొత్త యంత్రం ఉంది కదా!

శ్రీకాంత్‌తో అంటే వాడు నా మొహం వంక అదోలా చూశాడు.

"బాయిలర్‌కి పూజేందన్నా?"

"యంత్రమే కదరా. ఇంటిల్లిపాదినీ చలి నుంచి కాపాడుతుంది. కారు కంటే ఎక్కువే."

"గట్లయితే మా డిష్‌వాషర్ ఏం పాపం జేసింది?" అన్నాడు. కానీ మంచివాడు, మిగిలిన బంతిపూల దండ తీసి ఇచ్చాడు. "తీస్కపో. నా దగ్గరుంటే వాడిపోతది."

ఇంటికొచ్చి పళ్ళెం సర్దాను. బేస్‌మెంట్‌లో కర్పూరం వెలిగిస్తే పొగ అలారం మోగుతుంది, పాప లేస్తుంది, నేను ఊరుకోనని స్వప్న మెట్ల దగ్గరే ఆపేసింది. సరే, బాయిలర్ లోపల ఉన్నా దాని ముక్కూ మూతీ బయటే ఉన్నాయి కదా అని ఇంటి పక్కకి వెళ్ళాను. రెండు గొట్టాలకీ పసుపు రాశాను, బొట్టు పెట్టాను, హారతిచ్చాను, కొబ్బరికాయ కొట్టాను. పక్కింటి పెద్దాయన ఆకులు ఊడ్చేవాడల్లా ఊడ్చడం మానేసి చూస్తున్నాడు. నేను చెయ్యి ఊపాను. ఆయనా ఊపాడు కానీ ఎందుకో ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇక దండ. ముందు ఆవిరి వదిలే గొట్టానికి వేశాను. వెచ్చటి ఆవిరికి పూలు నా కళ్ళముందే వాడిపోసాగాయి. పదకొండేళ్ళ సర్వీసు ఊరికే పోతుందా? చల్లటి గాలి పీల్చే గొట్టానికి వేస్తే వారం రోజులు తాజాగా ఉంటాయని కనిపెట్టాను. మార్చి వేశాను. గాలికి జారిపడుతుంటే ఒక కొస తీసి గొట్టం లోపలికి దోపాను. అప్పుడొక అద్భుతం జరిగింది. లోపలి నుంచి ఎవరో మెల్లగా లాగుతున్నట్టు పూలు అటువైపు ఒరిగాయి. స్వామి స్వీకరిస్తున్నాడని నాకు ఒళ్ళు పులకరించింది. కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను.

మీకు అర్థమైపోయిందని తెలుసు. నాకు కావడానికి ఇంకా మూడు వారాలు పట్టింది.

వారం తర్వాత చూస్తే గొట్టం మూతి దగ్గర దండ లేదు. మా ఇంటి వెనక చెట్లలోంచి జింకలు వచ్చిపోతుంటాయి. జింక తినేసి ఉంటుంది, అంతకంటే ఏం కావాలి అని ఆనందపడ్డాను. పాపని నిద్రపుచ్చుతున్న స్వప్నకి గుసగుసగా చెప్పాను కూడా. తను సరేనంది. ఆ సరే ఎలాంటిదో పెళ్ళైనవాళ్ళకి వివరించనక్కర్లేదు.

అన్నప్రాసన ఆదివారం. బుధవారం నుంచి అసలైన చలి మొదలైంది. అంతదాకా బాయిలర్‌కి పెద్ద పని లేదు. గట్టిగా పని చేయాల్సిన రోజు వచ్చేసరికి అది ఎర్రలైటు వెలిగించి, ఒక అంకె చూపించి, ఆగిపోయింది. రీసెట్ నొక్కితే పది నిమిషాలు నడుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. గ్యారీకి ఫోన్ చేశాను. తొలి చలికి ఊరంతా తననే పిలుస్తోందని, శుక్రవారం గానీ రాలేనన్నాడు. ఈలోగా ఒక పని చేయమన్నాడు.

"బయటికి వెళ్ళి గొట్టాలు చూడండి. ఏమైనా అడ్డం ఉందా? ఆకులు, పక్షి గూడు, అలాంటివి."

ఫోన్ పట్టుకునే వెళ్ళి చూశాను. ఆకుల్లేవు. గూడు లేదు. పసుపూ కుంకుమా చక్కగా కనిపిస్తున్నాయి.

"ఏమీ లేదు గ్యారీ. అంతా శుభ్రంగా ఉంది."

అబద్ధం చెప్పానని మీరు అనుకోవద్దు. పూలని అడ్డం అనుకోవడం నా జన్మలో ఎరగను. పైగా అవి జింక కడుపులో ఉన్నాయి కదా. కాబట్టి లోపం ఫ్యాక్టరీలోనే ఉందని తేల్చి, గాలి ఊదే ఫ్యాన్ డిజైన్ ఎలా తప్పో వివరిస్తూ, నాలుగు గ్రాఫులు జతచేసి గ్యారీకి పెద్ద ఈమెయిల్ రాశాను. దానికి ఆయన ఇచ్చిన జవాబు ఒక్కటే ముక్క: శుక్రవారం.

గురువారం ఇంట్లో యాభై రెండు డిగ్రీలు. ఇక్కడి లెక్క అది, మన లెక్కలో పదకొండు. పాపకి మంకీక్యాప్ పెడితే ముక్కూ కళ్ళూ తప్ప ఏమీ కనిపించడం లేదు. రెండు కరెంటు హీటర్లు తెచ్చాను. రెండూ ఒకేసారి వేస్తే కరెంటు పోతోంది. స్వప్న పట్టులంగా మడతపెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టింది.

"రేపు సాయంత్రానికి బాగవకపోతే శ్రీకాంత్ వాళ్ళింట్లో చేద్దాం," అంది. "వాళ్ళావిడతో మాట్లాడాను. పెద్ద హాలు, వెచ్చగా ఉంటుంది."

నా కూతురు మొదటి ముద్ద వేరే ఇంట్లో తినబోతోంది. స్నేహితుడి ఇల్లే, కాదనను. కానీ ఈ ఇల్లు దానికోసమే కొన్నాం. ఇంత చదువూ ఇన్ని కాలమ్స్ పెట్టుకుని, ఒక గదిని వెచ్చగా ఉంచలేకపోయాను. స్వప్న తిట్టినా బాగుండేది. ఆ రోజంతా ఆ మంకీక్యాప్ వంక చూడలేకపోయాను.

శుక్రవారం పొద్దున్నే గ్యారీ వచ్చాడు. నేను ఈమెయిల్ ప్రింటు తీసి పట్టుకుని ఆయన వెనకే మెట్లు దిగుతూ ఫ్యాన్ గురించి చెబుతున్నాను. ఆయన బాయిలర్ మూత కూడా తీయలేదు. ఎర్ర అంకె చూసి, దీనికి ఊపిరి అందడం లేదు అని పైకి వెళ్ళిపోయాడు. ఇంటి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పొడుగాటి పట్టుకారు ఒకటి గొట్టంలోకి దూర్చి లాగాడు.

ముందు దారం వచ్చింది. దారం వెనక ఒక బంతిపువ్వు వచ్చింది. గోధుమరంగుకి తిరిగి, తడిసి ముద్దయి ఉంది. దాని వెనక ఇంకోటి. ఆయన లాగుతున్నాడు, అవి వస్తున్నాయి. చేతిలో ఉన్న ఈమెయిల్‌ని నేను నాలుగు మడతలు పెట్టాను.

"ఇవి ఏమిటి?" అన్నాడు గ్యారీ.

"పువ్వులు."

"అది కనిపిస్తోంది. ఎవరు పెట్టారు?"

ఒక్క క్షణం జింక మీదికి నెట్టేద్దామా అనుకున్నాను. కిటికీలోంచి స్వప్న చూస్తోంది, చంకలో పాప చూస్తోంది. నిజం ఒప్పుకున్నాను. మమ్మల్ని మోసే యంత్రాలకీ, మాకు పని చేసిపెట్టే పనిముట్లకీ ఏడాదికి ఒక రోజు పూలు పెట్టి దండం పెట్టుకుంటామని, ఇది కొత్తది కాబట్టి కాస్త ఎక్కువ పెట్టానని చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతిలో పువ్వుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నలభై ఏళ్ళుగా బాయిలర్లు బిగిస్తున్నాను," అన్నాడు. "ఈ గొట్టాల్లోంచి గూళ్ళు తీశాను, ఒకసారి ఉడతని తీశాను. నేను బిగించినదానికి పూలు పెట్టినవాళ్ళని మాత్రం ఇప్పుడే చూడటం."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన లేచి, జేబులోంచి జల్లెడ తీసి గొట్టం మూతికి బిగించాడు. గాలి ప్రవాహం గురించి నేను నోరు మెదపలేదు. మధ్యాహ్నానికి ఇల్లు వేడెక్కింది. గ్యారీనీ ఆయన భార్యనీ ఆదివారం భోజనానికి పిలిచాను.

ఆదివారం కిటికీలు కొంచెం తీయాల్సివచ్చింది, అంత వెచ్చగా ఉంది ఇల్లు. ఆద్య పట్టులంగాలో బోర్లా పాకుతూ వెళ్ళి, ముందు పెట్టిన పుస్తకాన్నీ పెన్నునీ బంగారు గాజునీ కాదని పాయసం గిన్నెని పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. గ్యారీ పులిహోర మూడుసార్లు వేయించుకున్నాడు.

వెళ్ళేముందు కోటు జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. బాయిలర్ కంపెనీకి పంపాల్సిన రిపోర్టు, ఇంటివాళ్ళ సంతకం కావాలట. అందులో బాయిలర్ ఆగిపోవడానికి కారణం అని ఒక వరుస. తయారీ లోపం, బిగింపు లోపం, వాతావరణం, ఇంటి యజమాని, జంతువులు. యజమాని అని రాస్తే వారంటీకి ఇబ్బంది అవుతుందని, అందుకని కొంచెం సర్దానని గ్యారీ నా చెవిలో చెప్పాడు. 'జంతువులు' పక్కన టిక్కు పెట్టి ఉంది.

ఇంత మంచి మనిషి చేత అబద్ధం రాయించానే అని నేను పెన్ను పట్టుకుని తటపటాయిస్తుంటే, స్వప్న వచ్చి నా భుజం మీదుగా ఆ కాగితం మొత్తం చదివింది.

"సరిగ్గానే రాశారుగా," అంది. "సంతకం పెట్టు."

పెట్టాను. కనుక సకల బంధుమిత్రుల సాక్షిగా, నిండు మనసుతో ప్రతిజ్ఞ చేసి చెప్పేదేమంటే, ఊపిరి పీల్చే ఏ యంత్రానికీ ఈ జన్మలో ముక్కులో పువ్వు పెట్టను. మరీ ఆపుకోలేని భక్తి పుట్టుకొస్తే దూరం నుంచి ఒక నమస్కారం పెట్టి, అది కూడా స్వప్నని అడిగాకే పెట్టి, చేతులు జేబులో పెట్టుకుని ఇంట్లోకి వచ్చేస్తాను.