వసుంధర మేడం వద్దన్న పిస్తోలు

మొన్న జాకెట్టు గుడ్డ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులోకి తిరిగాను. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, మెట్లకు ఆనుకుని, కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. లోపల ఒక పెద్దాయన మిషన్ తల విప్పి, పొడుగు ముక్కు డబ్బాతో చుక్కచుక్కగా నూనె వేస్తున్నాడు. ఆ వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. ఒకప్పుడు నా చేతులకు, నా అన్నం డబ్బాకు, ఇంట్లో నా దిండుకు కూడా అదే వాసన ఉండేది. పోలీసు శాఖలో తుపాకులు భద్రపరిచే గదిలో, మేము ఆర్మరీ అనే చోట, పదేళ్ళు కానిస్టేబుల్‌గా పనిచేశాను. ఇప్పుడు హెడ్ కానిస్టేబుల్‌ని, నా పని ఫైరింగ్ పరీక్షలు పెట్టడం, కాగితాలు చూసుకోవడం. నూనెతో పని తగ్గింది. "ఏం గావాలమ్మా?" అని పెద్దాయన రెండోసారి అడిగాడు. ఏమీ వద్దని చెప్పి కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ వాసన వస్తే చాలు, నాకు వసుంధర మేడం కళ్ళ ముందుకొస్తారు.

ఆమె ఇన్‌స్పెక్టర్. పుట్టింది తెనాలి వైపు, పెళ్ళయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. ప్రాణభయం ఉన్న ఆడవాళ్ళకు, సాక్షులకు మామూలు బట్టల్లో వెన్నంటి కాపలా ఉండే పన్నెండుమంది మహిళా కానిస్టేబుళ్ళ జట్టుకు ఆమె నాయకురాలు. నాది ఎల్బీ నగర్ దగ్గరి పాత ఊరు. మా పొలాలు ప్లాట్లయ్యాక నాన్న వాటి బేరాల్లో పడ్డాడు, నేను పోలీసు ఉద్యోగంలో చేరాను. ఆర్మరీలో వేశారుగానీ, నిజం చెప్పాలంటే నాకు పిస్తోలంటే భయం. పట్టుకుంటే అరచెయ్యి చెమట పట్టేది. చేరిన మొదటి వారమే మేడం అది కనిపెట్టారు. ఖాళీ పిస్తోలు బల్లమీద పెట్టి, దాని పక్కన నా చెయ్యి పెట్టమన్నారు.

"ఎంతసేపు మేడం?"

"నీకు విసుగొచ్చేదాకా. భయం పోవాలని చూడకు సునీతా. అది నీలో ఎక్కడుందో తెలిస్తే చాలు."

నాలుగు రోజులకు విసుగొచ్చింది. ఐదో రోజు ఆ పిస్తోలు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను. ఆమె చూసి, తల ఊపి వెళ్ళిపోయారు. మెచ్చుకోవడంలో అంతకంటే ఎక్కువ ఆమె దగ్గర ఉండేది కాదు.

తర్వాత రెండేళ్ళకు ఆ ప్రమాదం జరిగింది. మేడం డ్యూటీ ముగించుకుని వస్తుంటే విజయవాడ రోడ్డు మీద ఒక వ్యాను బోల్తాపడి ఉంది. లోపల ఇరుక్కున్న ఒక తల్లిని, ఆమె బిడ్డను మేడం బయటికి లాగారు. బిడ్డ వచ్చాక తలుపు ఊడి మేడం ఎడమచేతి మీద పడింది. దవాఖానాలో మూడు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. మిగిలిన బొటనవేలు, చిటికెనవేలు దేన్నీ గట్టిగా పట్టుకోలేవు. ఏడు నెలల తర్వాత ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూడటం మొదలుపెట్టారు. ఆమెను మళ్ళీ జట్టుతో బయటికి పంపడానికి పై అధికారులకు అభ్యంతరం లేదు. ఒకటే షరతు. జట్టు ఏ పిస్తోలు వాడుతుందో దాన్నే ఆమె కూడా సొంతంగా నింపి, పేల్చి, పరీక్ష నెగ్గాలి.

ఒంటిచేత్తో కాల్చడం ఆమెకు కష్టం కాలేదు. పదిహేను మీటర్ల దూరంలో కాగితం మీద ఐదు తూటాలను ఒక చపాతీ అంత జాగాలో పెట్టేవారు. చిక్కంతా కాల్చడానికి ముందే. పిస్తోలు పైభాగాన్ని, స్లైడ్ అంటాం, ఒక చేత్తో వెనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. అందుకు రెండో చెయ్యి కావాలి.

ఆ సమయంలోనే జట్టుకు కొత్త పిస్తోళ్ళు తీసుకోవాలని నిర్ణయం జరిగింది. బట్టల కింద దాచుకునేంత చిన్నవి, కానీ పెద్ద తూటా పేల్చేవి కావాలి. చూడటానికని రెండు రకాలు వచ్చాయి. వాటిని పరీక్షించి ఏది కొనాలో రాసిచ్చే పని డీఎస్పీ సారు మేడంకే అప్పగించారు. జట్టును ఆమెకంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు మరి. రికార్డు రాసే పని నాది.

మొదటిది పూర్తిగా ఉక్కుతో చేసింది. బరువు. ఆ బరువు వల్లే పేల్చినప్పుడు చేతిలో పెద్దగా ఎగిరేది కాదు. దాని వెనక చిన్న కొక్కెంలాంటి హ్యామర్ ఉంది. ముందు ఆ హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి నొక్కితే స్లైడ్ సగం బలంతోనే కదులుతుంది. పైన గురిచూసే దిమ్మె కూడా నలుచదరంగా నిలబడి ఉంటుంది. దాన్ని బల్ల అంచుకు ఆనించి కిందికి తోస్తే చాలు, రెండో చెయ్యి అక్కర్లేకుండా తూటా ఎక్కుతుంది. రెండోది తేలిక. పిడి ప్లాస్టిక్. పేల్చితే మణికట్టు అదిరిపోతుంది. దానికి హ్యామర్ బయటికి లేదు, పైన ఉన్నదంతా నున్నగా, ఏటవాలుగా ఉంది. బల్ల అంచుకు, బూటు మడమకు, బెల్టుకు ఎక్కడ ఆనించినా జారిపోయేది.

ఆ ఆరు వారాలు సాయంత్రాలు ఆఫీసు ఖాళీ అయ్యాక మేడం ఆర్మరీకి వచ్చేవారు. నేను రెండు పిస్తోళ్ళలోనూ తూటాలు లేవని ఆమెకు చూపించాక సాధన మొదలయ్యేది. ఉక్కుదాంతో మొదటి రోజు ముప్పైసార్లు జారింది. నాలుగో వారానికి చూస్తే, హ్యామర్ నొక్కడం, బల్లకు ఆనించడం, తోయడం, గురిపెట్టడం అన్నీ ఒకే కదలికలా అయ్యాయి. రెండు చేతులున్న నాకంటే వేగంగా చేస్తున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఆమె మాత్రం రుమాలుతో నుదురు తుడుచుకుని రెండోదాన్ని అందుకున్నారు. అది జారింది. మళ్ళీ జారింది. మెటికల దగ్గర చర్మం లేచిపోయి రక్తం వచ్చింది.

"ఇగ దాన్ని ఇడిసిపెట్టండి మేడం. గా ఉక్కుది ఉంది గదా."

"రెండింటినీ చూడమన్నారు కదమ్మా" అన్నారు.

ఆ క్షణానే నేను మనసులో నిర్ణయించేసుకున్నాను, ఉక్కుదే రావాలని. మేడం మళ్ళీ జట్టు ముందు నడవాలని.

అసలు పరీక్ష నగరం అవతల కొండ పక్కన ఉన్న ఫైరింగ్ రేంజిలో జరిగింది. పన్నెండుమందినీ వాళ్ళు డ్యూటీకి వేసుకునే బట్టల్లోనే రమ్మన్నారు మేడం. కొందరు చున్నీలు, కొందరు పొడుగు కుర్తాలు, ఇద్దరు చీరలు. మామూలుగా నిలబడి కాల్చే పరీక్షలో ఉక్కుదానికే మార్కులు ఎక్కువ వచ్చాయి. నాకు సంతోషం దాచుకోవడం కష్టమైంది. తర్వాత మేడం తానే ఆలోచించి పెట్టిన పరీక్ష. ఖాళీ పిస్తోలును నడుముకు పెట్టుకుని, పరుగెత్తుకొచ్చి, కేక వినగానే బట్టల కిందినుంచి తీసి గురిపెట్టాలి. ఒక్కొక్కరు ఒక్కొక్కదానితో ఐదేసి సార్లు.

తేలికది ఒక్కసారే తడబడింది. ఉక్కుది తీస్తుంటే జట్టులోని పద్మ చున్నీ హ్యామర్‌కు చుట్టుకుంది. తర్వాత ఇంకొకరి కుర్తా. తర్వాత చీర కొంగు. ఏ కొక్కెం మేడంకు రెండో చెయ్యి అయిందో, అదే ఆ పిల్లల బట్టల్లో చిక్కుకుంటోంది. నేను లెక్క రాస్తున్నాను. మొత్తం తొమ్మిదిసార్లు చిక్కుకుంది. నేను నాలుగని రాశాను. ఏ ఐదు వదిలేయాలో ఆలోచించి మరీ వదిలేశాను. మంచిపనే చేస్తున్నాననుకున్నాను.

మర్నాడు ఉదయం మేడం ఆర్మరీలో నా ఎదురుగా కూర్చుని రిజిస్టరు చదివారు. పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పారు.

"పద్మ రెండోసారి తీసినప్పుడు ఏమైంది సునీతా?"

"చున్నీ చిక్కుకుంది మేడం."

"ఇక్కడ లేదే."

ఆమె ఆ వరుస మీద వేలు పెట్టి కిందికి జరిపారు.

"సరిత మూడోసారి?"

"అది గూడ చిక్కుకుంది."

ఆమె ఐదూ అడిగారు. తన దగ్గర వేరే కాగితం ఏదీ లేకుండా, పేరు, ఎన్నోసారి అన్నది సహా. ఐదింటికీ నేను నిజమే చెప్పాను. అప్పుడు "ఎందుకిలా రాశావు?" అన్నారు. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"మీరు మళ్ల రావాలె మేడం. గందుకే రాసిన. వేరే ఏం లేదు."

ఆమె కిటికీ వైపు చూశారు. బయట ఎల్బీ నగర్ వైపు పోయే బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. రిజిస్టరు మూయకుండానే ఇటు తిరిగారు.

"నాకోసం రాశావు. మరి పద్మకోసం ఎవరు రాస్తారు?"

పెన్ను మూత తీసి నా ముందుకు జరిపారు. నాలుగును అడ్డంగా కొట్టేసి, పక్కన తొమ్మిది వేసి, సంతకం పెట్టాను. నా సంతకం కింద ఆమె కూడా సంతకం చేశారు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం డీఎస్పీ సారు దగ్గరికి వెళ్ళాం. ఆయన రిజిస్టరు చూసి, "ఏందిది, కొట్టేసిండ్రు?" అన్నారు.

"లెక్క తప్పింది సార్, సరిచేశాం" అన్నారు మేడం.

ఆ 'చేశాం' నాకు గుచ్చుకుంది. నేను లేచి నిలబడి, "మేడం కాదు సార్, నేనే తప్పు రాసిన. కావాలనే రాసిన" అన్నాను. ఆయన నన్ను, మేడంను, ఆమె ఎడమచేతిని చూశారు. ఎందుకని అడగలేదు. "ఇప్పుడైతే సరిగ్గనే ఉంది కదా. కూర్చో" అన్నారు. తర్వాత మేడంతో, "మార్కులు ఉక్కుదానికే ఎక్కువున్నయ్. మీరు గదే రాసిచ్చినా తప్పు పట్టేటోళ్ళు లేరు" అన్నారు.

"పేల్చినప్పుడు అదిరే అదురుకు చెయ్యి అలవాటుపడుతుంది సార్, నేను నేర్పిస్తాను. చున్నీకి ఏం నేర్పిస్తాం?"

"ఇది తీసుకుంటే మీరు జట్టుతోని పోలేరు. తెలుసు గదా?"

"తెలుసు సార్."

ఆమె రాసిచ్చింది తేలికదాన్నే. కారణాలు అరపేజీలో ఉన్నాయి. అందులో ఆమె చేతి గురించి ఒక్క అక్షరం లేదు.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా మేడం శిక్షకురాలిగానే ఉన్నారు. తాను సొంతంగా నింపుకోలేని పిస్తోలును పన్నెండుమందికి, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు నేర్పారు. రేంజిలో ఆమె పక్కన నిలబడి నేను స్లైడ్ లాగి చేతికిచ్చేదాన్ని. ఆమె కుడిచేత్తో అందుకుని, ఆ అదురును మోచేతిదాకా రానిచ్చి ఎలా ఆపాలో చూపించేవారు. అన్నేళ్ళలో జట్టులో ఎవరూ డ్యూటీలో పిస్తోలు పేల్చాల్సిన అవసరం రాలేదు. కాబట్టి ఆమె చేసింది సరైనదని రుజువుచేసే సంఘటన ఏదీ నా దగ్గర లేదు. అలాంటిది జరగనందుకు ఆమె సంతోషించేవారు.

ఆమె రిటైరయ్యాక ఒక ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. పై అంతస్తులో అద్దెకున్న కోచింగ్ పిల్లలు గట్టిగా చదువుకుంటున్నారు. టీ తాగుతూ, ఎన్నేళ్ళుగానో అడగాలనుకున్నది అడిగేశాను.

"ఆ రోజు మీకు బాధ కాలేదా మేడం?"

"ఎందుకవదే? నీకు తెలుసుగా, ఆరు వారాలు ఎంత తంటాలు పడ్డానో. ఆ సాయంత్రం ఎల్బీ నగర్ స్టాపులో కూర్చుండిపోయాను. నా బస్సులు నాలుగు వెళ్ళిపోయాయి, లేవలేకపోయాను. ఐదోదానికి లేచాను." నవ్వారు. "నాకూ ఉక్కుదే రావాలని ఉండేది సునీతా. నీకంటే ఎక్కువగా. అందుకే చిక్కుకున్న ప్రతిసారీ పేరుతో సహా గుర్తుపెట్టుకున్నాను. నన్ను నేను నమ్మలేదు."

ఆ సాధనంతా అప్పగించిన పనికోసమే, ఆమెకు సొంతంగా ఆశ లేదని అప్పటిదాకా అనుకున్నాను, అందుకే అంత తేలిగ్గా వదులుకోగలిగారనుకున్నాను. ఆశ ఉండి, దానిమీద నిఘా పెట్టి, దానికి వ్యతిరేకంగా సంతకం చేసిన మనిషి ఎదురుగా కూర్చుని నా కప్పులో ఇంకాస్త టీ పోస్తున్నారు. ఆమె పోయి రెండేళ్ళు దాటింది.

పోయిన నెల పరీక్షలో మా ఊరి పిల్ల మమత కాల్చింది. చిన్నప్పుడు నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల. నెగ్గడానికి ఇంకొక్క తూటా లెక్కకు రావాలి, ఒక తూటా రంధ్రం సరిగ్గా గీత దగ్గర ఉంది. గీతను తాకితే నెగ్గినట్టే. కాగితం పట్టుకుని, ఇది తాకాలని నాకుంది అని ముందు నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత భూతద్దం పెట్టి రెండోసారి చూశాను. ఆ పైన మమతను ఎరగని ఇంకొక హెడ్ కానిస్టేబుల్‌ను పిలిచి, ఏమీ చెప్పకుండా, చూడమన్నాను.

"తాకలే అక్కా" అన్నాడు.

ఫెయిల్ అని రాసి, సంతకం పెట్టి, మమతను లోపలికి పిలిచి నేనే చెప్పాను. ఆ పిల్ల మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున సాధన కోసం రేంజికి పోయే వ్యానులో నాకంటే ముందే ఎక్కి కూర్చుంది.