దేవుడికి మొక్కుకున్న ఫెయ్‌జోవా

ఫోన్‌లో ఏ మొక్క కనబడితే అది మన పెరట్లోనూ కాస్తుందని నమ్మే వయసు ఒకటుంటుంది. ఆ వయసులో నేను అబిడ్స్‌లో ఒక కళ్లద్దాల షాపులో కొత్తగా చేరి, నాంపల్లి సందులో అమ్మతో కలిసి కిరాయి వాటాలో ఉండేవాణ్ణి. ఎగ్జిబిషన్‌లో ఒక నర్సరీ స్టాలు ముందు ఆగడమే నా కొంప ముంచింది. ఫెయ్‌జోవా అట. చూడ్డానికి జామకాయ, వాసన అనాసపండు, పుట్టిల్లు ఎక్కడో చల్లటి దేశం. మన ఎండలకు ఆగుతుందా అని అడగాలన్న బుద్ధి మొక్క ఇంటికొచ్చాక పుట్టింది.

ఎండాకాలమంతా దానికి అమ్మ పాత చీర పందిరిగా కట్టాను. పూలొచ్చాక, వాటంతట అవి సరిగా కాయ పట్టవని వీడియోలో చూసి, రంగులేసే బ్రష్షుతో పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి అంటించాను. (“పూలకు రంగులేస్తున్నావేంటి నాయనా?” అని పిన్నిగారు అడిగింది అప్పుడే.) ఈ పిన్నిగారు ముందు వాటాలో ఉండే మా ఇంటి ఓనరు. వాళ్లది భీమవరం నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. పచ్చగా, పుల్లగా ఏది కనబడినా రోట్లో వెయ్యందే ఆవిడ చెయ్యి ఊరుకోదు.

చివరికి ఒకే ఒక్క కాయ నిలిచింది. అమ్మ ఆగలేదు. ఆదివారం చర్చిలో లేచి నిలబడి, “మా పిల్లగాడు పెంచిన చెట్టుకు కాయ కాసింది. కోతల పండుగకు గా మొదటి ఫలం దేవునికే ఇస్తం” అని సాక్ష్యం చెప్పేసింది. కోతల పండుగకు ఎవరింట పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతాం, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఇక అమ్మ మాటా, నా పరువూ ఆ కోడిగుడ్డంత కాయకు వేలాడాయి. పైగా దాన్ని కోయకూడదు. పండినా పచ్చగానే ఉంటుంది, పండితే తనే రాలుతుంది. మనసంతా దానిమీదే ఉండి, షాపులో ఒకరి కళ్లద్దాలు ఇంకొకరి ముక్కు మీద పెట్టి తిట్లు తిన్నాను.

పండుగ రేపనగా ఇంటికొచ్చేసరికి కొమ్మ బోసిగా ఉంది. కుండీ చుట్టూ వెతుకుతుంటే పిన్నిగారు గిన్నెతో నవ్వుతూ వచ్చారు. “నీ కాయ రాలి పడుందయ్యా. పచ్చికాయ, పాడైపోతుందని పచ్చడి చేసేశాను. ఇంగువ పోపు పెట్టాను, ఏం వాసనో చూడు!”

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం మెల్లగా, “గది దేవునికిస్తమని చెప్పిన కాయ గదమ్మా” అంది. పిన్నిగారి మొహం పాలిపోయింది. “దేవుడిదా! ఉప్పు సరిపోయిందో లేదోనని నాలిక మీద వేసుకున్నానే. ఎంగిలైపోయిందే!” అంటూ గిన్నెతో సహా అరుగు మీద కూలబడ్డారు. దేవుడు మా దేవుడే అయినా, భయం మాత్రం ఆవిడదే. అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. “ఫికర్ చెయ్యకుండ్రి. మా దేవునికి ఎంగిలి లేదు. రేపు మీ చేత్తోనే తెచ్చి పెట్టుండ్రి.”

మర్నాడు గుమ్మడికాయలకూ, కాళ్లు కట్టిన కోడిపుంజుకూ మధ్య పచ్చడి సీసా, మొదటి వరసలో పట్టుచీరతో పిన్నిగారు. పాస్టరయ్యగారు సీసా ఎత్తి “ఇదేం ఫలమమ్మా?” అనేసరికి చర్చంతా నవ్వింది. అమ్మ తల దించుకోలేదు. “ఫలమే అయ్యగారూ, జర రోట్ల నలిగింది, గంతే.” వేలంలో పిన్నిగారు ఇంకెవరినీ పాడనివ్వలేదు. తన పచ్చడి తనే పాడుకుని, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో అందరి అన్నంలోకీ వేలికొసంత వడ్డించారు. దేవుడికి ఎలా ఉందో కానీ, సంఘానికి మాత్రం చాలలేదు.

ఇప్పుడు ఆ చెట్టు పెద్ద డ్రమ్ములో ఉంది, ఏటా కాసిని కాయలు కాస్తుంది. బ్రష్షు పిన్నిగారి చేతికి వెళ్లిపోయింది. అనాసపండులా ఉంటుందని ఊరంతా చెప్పుకు తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఎందుకంటే దాన్ని పండుగా తింటే ఎలా ఉంటుందో నాకింతవరకూ తెలియదు. ఈ ఏడాదైనా ఒకటి దాచుకుని తిందామని జేబులో వేసుకున్నాను. ముందు వాటాలోంచి రోలు కడుగుతున్న చప్పుడు వినబడింది. తీసుకెళ్లి ఇచ్చేశాను.