ఐసు పెట్టెకు ఎనిమిది బోల్టులు

మా బావమరిది ఐసు పెట్టె కొన్న రోజున నా డైరీలో ఉన్నవి మూడు వాక్యాలు. "పెట్టె వచ్చింది. మన ఇంట్లో ఫ్రిజ్ కంటే బాగుంది." ఈ రెండూ మా ఆవిడ నా భుజం మీదుగా చదివింది. "సాయంత్రం కాఫీ ఆలస్యం" అన్నది మూడోది.

నేను కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. రోజుకొక పేజీ డైరీ రాయడం ఉద్యోగంలో అంటుకున్న జబ్బు. నా పెళ్ళిరోజు పేజీలో "ఉదయం జల్లు. పురోహితుడు ఆలస్యం. వంకాయ కూర బాగుంది" అని ఉంది. పెళ్ళికూతురి ప్రస్తావన లేదన్న ఫిర్యాదు మా ఆవిడ ఇంతవరకూ వెనక్కి తీసుకోలేదు.

బావమరిది ఆవిడ తమ్ముడు. రొయ్యల చెరువులో వరసగా రెండు పంటలు జబ్బొచ్చి పోయాక, చెరువు వదిలేసి పాత పికప్ బండి ఒకటి పట్టుకున్నాడు. పొద్దున్నే అంతర్వేది వైపు రేవుకు పోయి పండుగొప్ప చేపలు ఎత్తుకుని అమలాపురంలో ఒక క్యాటరింగ్ ఆయనకు చేరవేస్తాడు. ఆ క్యాటరింగ్ ఆయన వంద మంది పనివాళ్ళను పెట్టుకున్నా చేపల పులుసు మాత్రం తన చేత్తోనే పెడతాడు, చేప చల్లగా రాకపోతే బండిని గుమ్మంలోంచే తిప్పి పంపేస్తాడు. అందుకని థర్మోకోల్ పెట్టెలు మానేసి, అరచెయ్యి మందం గోడలున్న ఈ తెల్ల పెట్టె విశాఖపట్నం నుంచి తెప్పించాడు. రెండు రోజులైనా ఇందులో ఐసు కరగదు. పెట్టె ఖరీదు మా ఆవిడకు ఇంకా చెప్పలేదు, కాబట్టి ఇక్కడా రాయను.

పెట్టె రావడంతోటే భయమూ వచ్చింది. అంతకుముందు ఒకసారి వేరే ఊరి బేరానికి పోతూ జొన్నాడ దగ్గర హైవే మీద టీ తాగుతుంటే, బండి వెనకాల నుంచి చేపలతో సహా ఒక థర్మోకోల్ పెట్టె మాయమైంది.

"బావగారూ, ఇది కూడా పోయిందంటే మా ఆవిడ నన్ను వాళ్ళన్నయ్య కొబ్బరి కొట్లో కూర్చోబెడుతుందండి," అన్నాడు.

"వాళ్ళన్నయ్య మంచివాడే కదయ్యా."

"మంచోడేనండి. అదేనండి భయం. రోజంతా మంచి మాటలు చెప్తాడండి."

చెరువు పోయినప్పుడు కూడా ఆ మొహం అంత దిగులుగా లేదు. యాభై దాటినవాడికి తన బండి, తన రేవు, తన బేరం అన్నవి ఎంత ముఖ్యమో నాకు తెలుసు. పెట్టె కాపలా బాధ్యత నాది అన్నాను. ఇంట్లో ఖాళీగా ఉన్న ఇన్‌స్పెక్టరుకు అంతకంటే ఏం కావాలి.

ముందు పరిశీలన. నాలుగు రోజులు బండిలోనే వెళ్ళి, అది ఆగిన ప్రతిచోటా ఎవరు పెట్టె వైపు చూస్తున్నారో రాసుకున్నాను. మామిడికుదురు టీ కొట్టు దగ్గర పదకొండు మంది చూశారు. అందులో ముగ్గురు పోలీసులు. ఎవరిని అనుమానించాలో తేలలేదు.

తరువాత గొలుసు, తాళం. ఉప్పుగాలికి పది రోజుల్లో తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రేవులో చేపలు తూకం వేసి పెట్టుకుని, మేం తాళం మీద కిరసనాయిలు పోస్తూ కూర్చున్నాం. దొంగను ఆపడం సంగతి ఎలా ఉన్నా, సొంతదారుణ్ణి మాత్రం ఆ తాళం బాగా ఆపింది.

ఇక లాభం లేదని, మామిడికుదురులో వెల్డింగు షాపతని దగ్గరకు కాగితం మీద బొమ్మ గీసుకుని వెళ్ళాను. పెట్టెకు బెజ్జాలు పెడితే చలి కారిపోతుంది. అందుకని చుట్టూ ఇనప యాంగిల్ ఫ్రేము కట్టి, ఆ ఫ్రేమును ఎనిమిది బోల్టులతో బండి అడుగుకు బిగించి, కింద నట్లు ఊడకుండా వెల్డింగు చేసెయ్యాలి.

అతను బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. "వంతెన కడుతున్నారాండీ?"

"ఐసు పెట్టెకయ్యా."

"నట్లు అతికించేస్తే రేపు మీకే కావలిస్తే ఎలా ఊడుతుందండీ?"

"ఊడకూడదనే కదా."

"ఆయ్. అలాగేనండి. పెట్టె కావలసినోడు బండే ఎత్తుకెళ్తాడు లెండి."

నిప్పురవ్వలకు ప్లాస్టిక్ కరగకుండా పెట్టెకు తడి గోనెసంచులు చుట్టి పని మొదలుపెట్టాడు. అంతా అయ్యాక తెలిసింది, ఐసు నీళ్ళు బయటికి పోయే బిరడా మీదుగా ఫ్రేము వచ్చిందని. పొరపాటు నాదే. కొలతలు మూడుసార్లు తీసుకున్నాను, మూడుసార్లూ పెట్టె రెండో వైపు నుంచే. అక్కడ కోసి మళ్ళీ అతికాడు. అతికినంతసేపూ ఈలపాట పాడుకున్నాడు. తిట్టినదానికంటే అది బాధాకరం.

మూడు నెలలు పెట్టె కదల్లేదు. కదల్లేకపోవడంతోనే అసలు చిక్కొచ్చింది.

మా వీధి చివర ఒక పెద్దాయన పోయారు. కూతురు హైదరాబాదు నుంచి రావాలి, మధ్యాహ్నం దాకా ఉంచాలి. అద్దెకిచ్చే ఫ్రీజరు పెట్టె ఆవేళ ఇంకో ఊళ్ళో ఉంది. ఐసు దిమ్మలు తెమ్మని మా బావమరిదిని అడిగారు, తెచ్చాడు. మామూలుగా అయితే పెట్టె దింపి పెరట్లో పెట్టుకునేవారు. నా ఎనిమిది బోల్టుల పుణ్యమా అని దిగదు. అందుచేత రోజంతా బండి పందిరి ముందే నిలబడింది. మనుషులు వచ్చి మూత ఎత్తడం, వంగి లోపలికి చూడడం, తల పట్టుకుని వెనక్కి రావడం, దారిన పోయే బస్సుల్లోంచి అందరూ చూశారు. తల పట్టుకున్నది ఎండకు.

వారం తిరక్కుండా మామిడికుదురు టీ కొట్టు దగ్గర మా బండి ఆగగానే పక్కనున్న మోటారుసైకిళ్ళు జరగడం మొదలైంది. ఒకావిడ పెట్టెకు దణ్ణం పెట్టింది. ఇంకెవరో మూత మీద బంతిపువ్వు ఉంచి వెళ్ళారు.

"బావగారూ, తాళం వెయ్యకపోయినా ఎవరూ ముట్టుకోవట్లేదండి," అని మా వాడు సంబరపడ్డాడు.

"దొంగలూ రారు, పెళ్ళివారూ రారు," అంది మా ఆవిడ. ఆవిడ అన్నవి నేను డైరీలో రాసుకోను. ఇది మాత్రం రాశాను.

ఆవిడ ఆ మాట అన్న నాలుగో రోజు ఉదయం క్యాటరింగ్ ఆయన స్కూటరు మీద మా ఇంటికొచ్చాడు. వెనకాల మా బావమరిది, కొబ్బరి కొట్లో అప్పటికే కూర్చున్నవాడిలా ఉన్నాడు.

"గురువుగారూ, మొహమాటం లేకుండా చెప్పండి. ఆ పెట్టెలో ఆ పెద్దాయన్ని పెట్టేరా?"

"మూడున్నర అడుగుల పెట్టెలో ఎలా పెడతామండీ? ఆయన ఆరడుగులు."

"మడిచి పెట్టేరంటున్నారండి."

"ఆయన్ని బతికుండగానే ఎవరూ వంచలేకపోయారు."

ఆయన నవ్వలేదు. "నాకు తెలుసండి. పెళ్ళివారికి తెలవాలి కదండి. నిన్న ఒకాయన చేప తీసేసి పనసపొట్టు కూర పెట్టమన్నారు. రేపట్నుంచి వేరే బండి చూసుకుంటానండి. ఏమనుకోకండి."

మా వాడు నేల చూశాడు. నేను లోపలికి వెళ్ళి డైరీ తెచ్చి ఆ రోజు పేజీ తీసి చదివాను. "ఏడున్నరకు ఐసు ఫ్యాక్టరీ నుంచి ఆరు దిమ్మలు. బండి పందిరి ముందు. మనిషి లోపల హాల్లో. రెండుకు కూతురు వచ్చింది. మూడుకు ఎత్తారు. నాలుగున్నరకు పెట్టెను వేడినీళ్ళతో, నిమ్మచెక్కలతో దగ్గరుండి కడిగించాను. ఐసు తప్ప వేరేదేమీ ఎక్కలేదు."

ఆయన మొహం తేటపడింది. "ఇటివ్వండి, ఫోనులో ఫొటో తీసుకుంటాను. అడిగినోళ్ళకి చూపిస్తాను."

ఇచ్చేశాను. ఇచ్చాక గుర్తొచ్చింది. అది ఎడమ పేజీ. కుడి పేజీ మర్నాటిది. మర్నాడు మేం ఒక రిసెప్షనుకు వెళ్ళాం. భోజనాలు ఈయనవే.

ఆయన కళ్ళు కుడివైపుకు జరిగాయి. పెదవులు కదుపుతూ చదివాడు. నేను రాసింది నాకు కంఠతా వచ్చు. "పండుగొప్ప తాజా. ఎక్కడా మెత్తబడలేదు. పులుసు పెట్టిన చెయ్యి ఎవరిదో గానీ, ఆ చేప రెండుసార్లు చచ్చింది. పెరుగు పుల్లన. వడ్డించినవాడు అప్పడాన్ని దూరం నుంచి విసిరాడు."

మా వాడు నా వైపు చూసిన చూపు చూస్తే, కొబ్బరి కొట్లో నాకూ పక్కన స్టూలు వేయించేలా ఉన్నాడు.

"పులుసు నేనే పెట్టేనండి," అన్నాడాయన.

"తెలుసండి."

"ఆవేళ చింతపండు పాతదండి."

"అయ్యుంటుందండి."

ఆయన డైరీని వెలుతురుకు తిప్పి ఎడమ పేజీ ఫొటో తీశాడు. తరువాత కుడి పేజీ కూడా తీశాడు.

"అదెందుకండీ?" అన్నాను.

"ఐసు సంగతి ఒక్కటే చూపిస్తే, బావమరిది కోసం రాసేరంటారండి. ఇది కూడా చూస్తే, ఈయన ఎవరి కోసమూ రాయడని తెలుస్తుందండి." డైరీ మూసి నా చేతికిచ్చి, మా వాడి వైపు తిరిగాడు. "రేపు నలభై కిలోలు కావాలి. ఎనిమిదింటికల్లా వచ్చెయ్."

"ఆయ్," అన్నాడు మా వాడు. అప్పుడే బండి తాళాలు జేబులోంచి తీశాడు.

అప్పటినుంచి ఏ పెళ్ళి చేసినా ఆయన మా ఇంటికి ఒక గిన్నెడు పులుసు పంపిస్తున్నాడు. తెచ్చినవాడు గిన్నె ఇచ్చి వెంటనే కదలడు. తిన్నాక ఏం రాశానో కనుక్కు రమ్మన్నారట. బోల్టులకు నెలకోసారి గ్రీజు రాస్తున్నాను. బంతిపువ్వులు ఇంకా అప్పుడప్పుడు వస్తూనే ఉన్నాయి, మా వాడు తీసి బండి అద్దం దగ్గర పెట్టుకుంటున్నాడు.

ఇవాళ్టి పేజీ: "ఎనిమిది బోల్టులూ బిగువుగా ఉన్నాయి. చింతపండు కొత్తది. ఉప్పు ఎక్కువ."