శ్రావణి కట్టిన పన్నెండు ముఖాలు

2023లో జరిగింది. అప్పటికి పదేళ్లుగా సూరత్‌లోని గోడాదరాలో నాకు స్టేషనరీ షాపు ఉంది. పెన్నులు, పుస్తకాలు పేరుకే. అసలు గిరాకీ రెడీమేడ్ ప్రాజెక్టులది. అంటే బడిలో పిల్లలు చేయాల్సిన మోడళ్లు మేం చేసి అమ్ముతాం. క్యూబ్, పిరమిడ్, ప్రిజం, ఏదడిగినా సాయంత్రానికి తయారు. తల్లిదండ్రులకు తీరిక లేదు, టీచర్లకు అందం కావాలి, నాకు బేరం కావాలి. ఇందులో తప్పుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆ డిసెంబరులో శ్రావణి వచ్చింది. ఆరో తరగతి. వాళ్ల నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ఊరి చివర సచిన్ అనే పారిశ్రామికవాడలో జకార్డ్ మగ్గం నడుపుతాడు.

"ఏం గావాలె బిడ్డా? క్యూబా, పిరమిడా?"

"ఏదొద్దు అత్తా. డోడెకాహెడ్రన్ ఎట్ల జేస్తరో జర చెప్పు. నేనే జేస్త."

పన్నెండు ముఖాల ఘనం అది. ఒక్కో ముఖానికి ఐదు భుజాలు. నాకే చెమటలు పట్టిస్తుంది. "నీతోని గాదు గని, రేపు రా, జేసిపెడ్త" అన్నాను.

"నాతోని గాదని నీకెట్ల ఎర్కైంది?"

పిట్ట కొంచెం, కూత ఘనం! కోపం వచ్చినా నెట్ గీసి చూపించాను. ఘనాన్ని విప్పి పరిస్తే వచ్చే బొమ్మ అది. జిగురు రాయడానికి అంచుల్లో వదిలే మడతలు ఫ్లాప్‌లు. ఈ పిల్ల ఫ్లాప్‌లే వదల్లేదు. పైగా పన్నెండు ముక్కలూ దేనికది కోసేసింది.

"జిగురు యాడ వెడ్తవే?"

"మా నాయిన కాడ అట్టలకు జిగురు వెట్టరు అత్తా, దారంతోని కడ్తరు."

నిజమే. జకార్డ్ మగ్గానికి డిజైన్ చెప్పేవి రంధ్రాలున్న అట్టలు. వాటిని అంచుకు అంచు చేర్చి దారంతో గొలుసులా కడతారు. నాన్న తెచ్చిన పాత అట్టలతో నాలుగు రోజులు నా షాపు మెట్ల మీద కూర్చుంది. ముప్పై అంచులు. రెండుసార్లు వంకరపోతే రెండుసార్లూ విప్పేసింది. చివరికి మెట్టు మీద పెడితే కదలకుండా నిలబడింది. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను.

బడిలో మోడళ్ల ప్రదర్శన రోజు, శ్రావణిది ఎక్కడ పెట్టారో చూద్దామని వెళ్లాను. బల్ల మీద తొమ్మిది మోడళ్లు తళతళలాడుతున్నాయి. శ్రావణిది బల్ల కింద ఉంది.

"మగ్గం పనివాళ్ల పిల్ల ఇది చేయగలదా? కొనుక్కొచ్చి నేనే చేశానంటోంది. అబద్ధమని ఒప్పుకుంటేనే పైన పెడతాను" అంది టీచరు హిందీలో. శ్రావణి ఏడుస్తూనే "నేనే జేసిన" అంటోంది.

నా కడుపు మండిపోయింది. నోరు విప్పితే షాపు గతేమిటో నాకు తెలుసు. అయినా విప్పాను.

"మేడమ్, కొన్నవేవో నన్నడగండి. ఇది నేను చేసిందే. ఇదీ నాదే." తొమ్మిదింటి మీదా వేలు పెట్టాను. అడుగున నా షాపు స్టిక్కరు గీకేసిన మచ్చలూ చూపించాను. "ఈ గదిలో నేను చేయనిది ఒక్కటే. దాన్ని మీరు కింద పెట్టారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తల్లిదండ్రులంతా ఫోన్లు తీసి చూసుకున్నారు.

"నువ్వు చెబితే సరిపోతుందా? రుజువేది?" అంది టీచరు.

శ్రావణి వంగి తన మోడల్ తీసింది. ముడి లాగింది. రెండు ముఖాలు ఊడి వేలాడాయి. "ఎవలన్న కట్టుండ్రి మల్ల" అంటూ బల్ల మీద పెట్టింది. ఆ మాట నేను హిందీలో చెప్పాను. ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు జేబులోంచి సూది తీసి, అందరి ముందూ నిలబడి మళ్లీ కట్టింది. టీచరు దాన్ని బల్ల మధ్యకు జరిపింది. క్షమించమని మాత్రం అనలేదు. ఆ మంట నాకింకా ఆరలేదు.

ఆ తర్వాత చాలామంది నా షాపు గడప తొక్కడం మానేశారు. మానేయనీ. గుజరాతీలో, తెలుగులో బోర్డు రాయించాను: "ప్రాజెక్టులు అమ్మం. వచ్చి కూర్చుని చేసుకోండి." పదేళ్లు ప్రతి మోడల్‌తో పాటు "నీతోని గాదు" అన్న మాటనూ పిల్లల చేతుల్లో పెట్టాను. ఇక పెట్టను, ఎవరొచ్చి అడిగినా సరే.